నాన్నని వెంటిలేటర్ మీద ఖమ్మం నుంచి హైదరాబాద్ తీసుకెళ్ళాలి, అంబులెన్స్‌లో ఏం చూసుకోవాలి?

ఖమ్మం కుర్రాడు:
నాన్నకి 61 ఏళ్ళు. నిమోనియా ముదిరి మూడు రోజులుగా వెంటిలేటర్ మీద ఉన్నారు. బీపీ నిలబడ్డానికి పంపులో మందు వెళ్తోంది. కిడ్నీలు కూడా దెబ్బతింటున్నాయి, హైదరాబాద్ తీసుకెళ్ళండి అన్నారు డాక్టర్ గారు. ఒక ప్రైవేటు అంబులెన్స్ ఆయన ‘వెంటిలేటర్ బండే, మూడు గంటల్లో దింపేస్తా’ అంటున్నాడు. ఆ మాట వింటేనే టెన్షన్‌గా ఉంది. రేపు పొద్దున్నే ప్రయాణం. తెలిసినవాళ్ళు చెప్పండి.

సూర్యాపేట:
ముందు అక్కడ బెడ్ సంగతి తేల్చుకోండి. మా పెద్దమ్మకి రెండు చోట్ల వెంటిలేటర్ బెడ్ లేదన్నారు, గంటన్నర బండిలోనే గడిచింది. మీ డాక్టర్ చేతే అక్కడి ఐసీయూ డాక్టర్‌తో మాట్లాడించండి. ఒప్పుకున్నవాళ్ళ పేరు, నంబరు రాసుకోండి.

ఐసీయూ నర్స్:
తమ్ముడూ, నేను పదకొండేళ్ళుగా ఐసీయూలో పనిచేస్తున్నాను, పేషెంట్లతో బండిలో చాలాసార్లు వెళ్ళాను. స్పీడ్ గురించి అడగొద్దు, ఆక్సిజన్ గురించి అడుగు.

ఒకసారి మీ దారిలోనే వెళ్తున్నాం. సిలిండర్ నిండుగా ఉందని డ్రైవర్ చెప్తే నమ్మాను, మీటర్ నేను చూడలేదు. సూర్యాపేట ఇంకా రాకముందే అయిపోయింది. ఊపిరి అందించే అంబూ బ్యాగ్ చేత్తో నొక్కుతూ కూర్చున్నాను, సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 70లోకి పడిపోయింది. ఊళ్ళో ఒక ఆసుపత్రివాళ్ళు సిలిండర్ ఇచ్చారు కాబట్టి ఆ పేషెంట్ దక్కాడు. అప్పటినుంచి మీటర్ ముల్లు నా కళ్ళతో చూడందే బండి ఎక్కను.

నిమిషానికి 10 లీటర్లు ఖర్చవుతుందనుకో. చిన్న బీ టైప్ సిలిండర్‌లో సుమారు 1500 లీటర్లు, అంటే రెండున్నర గంటలే. పెద్ద డీ టైప్‌లో దాదాపు 7000. మీకు నాలుగు గంటల ప్రయాణం, ట్రాఫిక్ ఉంటుంది కాబట్టి ఎనిమిది గంటలకి సరిపడా, అంటే 4800 లీటర్లు ఉండాలి. నాన్నగారికి ఎంత పడుతోందో మీ ఐసీయూలో అడిగి ఇలాగే లెక్క వేయించు.

ఇంకోటి. బండి వెంటిలేటర్‌ని ఐసీయూలోనే తగిలించి, పదిహేను ఇరవై నిమిషాలు చూశాకే కదలమను. చాలామంది తొందరలో ఇది వదిలేస్తారు. ఏదైనా తేడా వస్తే డాక్టర్ పక్కనే ఉంటాడు కదా. బీపీ మందు పంపుకి బ్యాటరీ ఫుల్‌గా ఉండాలి, రెండో సిరంజి ముందే నింపి ఉంచాలి. ఆ మందు ఆగితే నిమిషాల్లోనే బీపీ పడిపోతుంది. వెంటిలేటర్ తెలిసిన మనిషి వెనకాల కూర్చోవాలి, డ్రైవర్ హెల్పర్ చాలడు.

ఖమ్మం కుర్రాడు:
అక్కా, అమ్మ వెనక కూర్చుంటానంటోంది.

ఐసీయూ నర్స్:
ముందు సీట్లో కూర్చోబెట్టు నాన్నా. వెనక వాళ్ళకి చేతులు ఆడాలి. రిపోర్టులు, స్కాన్ సీడీలు అమ్మ ఒళ్ళో పెట్టు.

ఖమ్మం కుర్రాడు:
చేరాం అక్కా. మొదటి బండిలో బీ టైప్ ఒక్కటే ఉంది, వద్దని వేరే బండి మాట్లాడాను. ఐసీయూలో వెంటిలేటర్ మార్చగానే బీపీ తగ్గింది, అక్కడే మందు పెంచి అరగంట ఆగి బయల్దేరాం. నాలుగున్నర గంటలు పట్టింది. చౌటుప్పల్ దగ్గర సిరంజి మార్చారు. నాన్న ఇంకా వెంటిలేటర్ మీదే ఉన్నారు, రాత్రికి డయాలసిస్ చేస్తామన్నారు.