అప్‌డేట్: మొటిమలకు లేజర్ ఇప్పుడే వద్దనుకున్నాను

ఆరేళ్లుగా తగ్గని మొటిమలకు లేజర్ చేయించుకోవాలా అని మూడు నెలల క్రితం అడిగాను కదా. ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టేముందు ఇంకో స్కిన్ డాక్టర్‌కి చూపించుకోమన్నవాళ్లకి చేతులెత్తి దండం. ఆవిడ గడ్డం కింద గడ్డల్ని వేలితో మెల్లగా నొక్కి చూసి, "ఇవింకా లోపల రగులుతున్నాయమ్మా. ముందు ఇవి తగ్గాలి, మొటిమలు మిగిల్చిన గుంటల సంగతి తర్వాత" అన్నారు. మన చామనఛాయ చర్మానికి లేజర్ వేడి వల్ల నల్లమచ్చలు పడే అవకాశం ఎక్కువట.

రక్తపరీక్షలు చేయించి ఐసోట్రెటినాయిన్ అనే మొటిమల మందు 20 మిల్లీగ్రాములు రాశారు, రాత్రి భోజనంతో వేసుకోవాలి. వాడినన్నాళ్లూ, ఆపాక మరో నెలా గర్భం రాకూడదు. ఆడపిల్లలు ఇది సొంతంగా కొని వాడొద్దు, దయచేసి. పెదవులు పగిలి ఆవకాయ ముద్ద తగిలితే మంటే మంట. కానీ మూడు వారాలుగా కొత్త గడ్డ ఒక్కటీ లేదు. నిన్న దిండు మీద చెంప ఆనించి పడుకున్నాను, నొప్పి లేకుండా.