ఫ్రాన్స్‌ను ఒప్పించింది ఫ్రాంక్లిన్ శాస్త్రకీర్తేనా?

ప్రశ్న:

మిత్రులకు నమస్కారం. అమెరికా శాస్త్రవేత్త, రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆత్మకథ చదవడం ఈ మధ్యనే ముగించాను. 1706లో బోస్టన్‌లో సబ్బులు, కొవ్వొత్తులు తయారుచేసే ఇంట పుట్టి, అన్న ముద్రణశాలలో పని నేర్చుకుని, పదిహేడో ఏట అక్కడి నుంచి పారిపోయి ఫిలడెల్ఫియా చేరిన కుర్రవాడి కథ ఎంతో వివరంగా సాగి, 1757లో ఆయన లండన్ చేరిన ఘట్టం దగ్గర అర్ధంతరంగా ఆగిపోతుంది. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన, బ్రిటన్‌తో యుద్ధంలో ఫ్రాన్స్‌తో చేసుకున్న మైత్రి ఒప్పందం, రాజ్యాంగ సభ ఏవీ అందులో లేవు. భవనాలను పిడుగుపాటు నుంచి కాపాడే పిడుగు కడ్డీని కనిపెట్టినవాడు కాబట్టే ఫ్రాన్స్ ఆయన మాట విన్నదని కొన్ని వ్యాసాల్లో చదివాను. ఇది ఎంతవరకు నిజం? అంత పేరు తెచ్చిన ఆవిష్కరణలకు ఆయన పేటెంట్ ఎందుకు తీసుకోలేదన్నది నా రెండో సందేహం.

సమాధానం 1:

కీర్తి తలుపు తెరిపించింది గాని, ఒప్పందం మీద సంతకం పెట్టించింది యుద్ధ పరిస్థితి అని నా అభిప్రాయం.

ముందు కీర్తి సంగతి చూద్దాం. ముద్రణ వ్యాపారంలో తగినంత సంపాదించి 1748లో, నలభై రెండేళ్ల వయసులో, దాని నుంచి తప్పుకున్న ఫ్రాంక్లిన్, మెరుపు కూడా విద్యుత్తేనని నిరూపించడానికి ఎత్తైన ఇనుప కడ్డీతో ఒక ప్రయోగాన్ని ప్రతిపాదించారు. దాన్ని మొట్టమొదట చేసి చూపింది ఆయన కాదు. ప్యారిస్ సమీపంలోని మార్లీ గ్రామంలో దాలిబార్ అనే శాస్త్రజ్ఞుడు ఏర్పాటు చేసిన కడ్డీ 1752 మే 10న మేఘం నుంచి నిప్పురవ్వలు రాబట్టింది. ఉరుముల వేళ గాలిపటం ఎగరేసి ఫ్రాంక్లిన్ మేఘాల్లోని విద్యుత్తును రాబట్టిన కథ అందరికీ తెలుసు కాని, ఈ మార్లీ ప్రయోగాన్ని చాలామంది ప్రస్తావించరు. అందువల్ల 1776 డిసెంబరులో, డెబ్భై ఏళ్ల వయసులో, అమెరికా ప్రతినిధిగా ఆయన ఫ్రాన్స్ గడ్డ మీద అడుగుపెట్టేసరికి అక్కడివారికి ఆయన పేరు పాతికేళ్లుగా పరిచయమే. అప్పటికే ఆయన వారి విజ్ఞాన అకాడమీలో విదేశీ సభ్యుడు కూడా. ఆకాశం నుంచి పిడుగునూ, నిరంకుశుల చేతి నుంచి రాజదండాన్నీ లాక్కున్నాడని ఫ్రెంచి రాజనీతిజ్ఞుడు టుర్గో లాటిన్‌లో రాసిన పంక్తి ఆ గౌరవానికి గుర్తు.

అయితే 1763లో ముగిసిన యుద్ధంలో కెనడాను పోగొట్టుకున్న ఫ్రాన్స్, బ్రిటన్‌ను దెబ్బ తీసే అవకాశం కోసం అప్పటికే కాచుకుని ఉంది. ఫ్రాంక్లిన్ రాకముందే రహస్యంగా ఆయుధ సహాయం మొదలయింది. అయినా విదేశాంగ మంత్రి వెర్జెన్ బహిరంగ మైత్రికి తొందరపడలేదు. 1777 అక్టోబరులో అమెరికాలోని సారటోగా వద్ద బ్రిటిష్ సేన లొంగిపోయిందన్న వార్త డిసెంబరులో ప్యారిస్ చేరాకే వ్యవహారం వేగం పుంజుకుని, 1778 ఫిబ్రవరి 6న ఒప్పందం కుదిరింది. ఆ వార్త వచ్చేదాకా, ఓటముల కబుర్లు వస్తున్న నెలల్లో కూడా ఫ్రెంచి సమాజంలో అమెరికా మీద నమ్మకం సడలకుండా కాపాడింది మాత్రం ఆయన వ్యక్తిత్వమే.

సమాధానం 2:

పేటెంట్ విషయం మీరు చదివిన ఆత్మకథలోనే ఉంది. తక్కువ కట్టెలతో గదిని ఎక్కువ వేడి చేసే ఇనుప పొయ్యిని ఆయన రూపొందించినప్పుడు, పెన్సిల్వేనియా గవర్నరు థామస్ కొన్నేళ్లపాటు దాన్ని అమ్ముకునే పూర్తి హక్కు ఇస్తానన్నారు. ఇతరుల ఆవిష్కరణల వల్ల మనం ఎంతో లాభం పొందుతున్నాం కనుక, మన ఆవిష్కరణతో ఇతరులకు సేవ చేసే అవకాశం వచ్చినప్పుడు సంతోషించాలన్న కారణం చెప్పి ఫ్రాంక్లిన్ కాదన్నారు. లండన్‌లో ఒక ఇనుప సామాన్ల వ్యాపారి ఆ పొయ్యిలో చిన్న మార్పులు చేసి పేటెంట్ తీసుకుని లాభపడ్డా ఆయన తగాదాకు పోలేదు. పిడుగు కడ్డీని నిలబెట్టే పద్ధతినీ తాను ప్రచురించే పంచాంగపు 1753 సంచికలో అందరికీ అర్థమయ్యేలా అచ్చువేసి ఇచ్చేశారు.

నాకు దీనికంటే ముఖ్యంగా తోచేది మరొకటి ఉంది. 1731లో చందాదారుల గ్రంథాలయం, 1736లో మంటలార్పే స్వచ్ఛంద దళం, 1751లో ఆసుపత్రి: ఇవన్నీ ఇరుగుపొరుగును ఒప్పించి, తలా కొంత వేయించి నిలబెట్టినవే. పొయ్యిని పంచిపెట్టిన మనసు, సంస్థలను కట్టిన మనసు ఒక్కటే కనుక శాస్త్రవేత్తను, రాజనీతిజ్ఞుడిని విడదీసి చూడటం వల్ల ఇద్దరూ మనకు సగమే అర్థమవుతారు.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే శాస్త్రం, రాజకీయం ఒకదానికొకటి అడ్డుపడిన సందర్భాలు ఆయన జీవితంలో లేవా?

సమాధానం 3:

ఉన్నాయి. పిడుగు కడ్డీకి మొన సూదిగా ఉండాలని ఫ్రాంక్లిన్, గుండ్రంగా ఉండాలని లండన్‌లో విద్యుత్ పరిశోధకుడు బెంజమిన్ విల్సన్ వాదించుకున్నారు. మందుగుండు కొట్లను పిడుగు నుంచి కాపాడే మార్గం సూచించడానికి వేసిన సంఘంలో మొదలైన ఈ సాంకేతిక వివాదం యుద్ధకాలంలో రాజకీయ రంగు పులుముకుంది. బ్రిటన్ రాజు మూడవ జార్జి తన భవనం మీద మొండి మొన కడ్డీలు పెట్టించారు. 1777లో ఫ్రాంక్లిన్ రాసిన జాబులో, తన శాస్త్రాభిప్రాయాల సమర్థన కోసం తాను ఎన్నడూ వాదానికి దిగలేదనీ, అవి నిజమైతే అనుభవమే నిలబెడుతుందనీ అన్నారు.

కాని ఇంకొక అడ్డంకి ఆయన ఇంట్లోనే ఎదురైంది. గాలిపటం ప్రయోగంలో పక్కన నిలబడి సాయం చేసిన కొడుకు విలియం, తరువాత న్యూజెర్సీకి రాజు నియమించిన గవర్నరై, స్వాతంత్ర్య పోరాటంలో బ్రిటన్ పక్షానే ఉండిపోయాడు. తండ్రి ఆ గాయాన్ని చివరిదాకా మరచిపోలేదు.

బానిసత్వం విషయాన్నీ దాచకూడదు. ఆయన స్వయంగా బానిసలను ఉంచుకున్నారు, తన పత్రికలో వారి అమ్మకపు ప్రకటనలు వేశారు. కొత్త సాక్ష్యం ఎదురైనప్పుడు శాస్త్రంలో అభిప్రాయం మార్చుకున్న మనిషికి, ఈ విషయంలో మారడానికి దశాబ్దాలు పట్టడం నన్ను బాధిస్తుంది. అయినా మారారు. 1787లో పెన్సిల్వేనియా బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షుడై, 1790 ఫిబ్రవరిలో ఆ సంఘం తరఫున కాంగ్రెసుకు వెళ్లిన విన్నపంపై సంతకం చేశారు. దాన్ని సభలో ఎగతాళి చేసిన సభ్యుడికి జవాబుగా మార్చి 23న మారుపేరుతో ఒక వ్యంగ్య లేఖ రాశారు. అప్పటికి ఆయనకు ఎనభై నాలుగేళ్లు. మరో ఇరవై ఐదు రోజులకు, ఏప్రిల్ 17న, ఫిలడెల్ఫియాలో కన్నుమూశారు.