తుపాకితో రోజూ వెంట ఎన్ని రౌండ్లు (తూటాలు)? స్పేర్ మ్యాగ్ (మ్యాగజైన్) నిజంగా కావాలా?

ప్లేనో_బాబాయ్

అందరికీ నమస్తే. గ్రీన్ కార్డు, టెక్సస్, ఎల్‌టీసీ (తుపాకి వెంట పెట్టుకునే లైసెన్సు) ఉంది. తుపాకి సిగ్ పీ365, 9 ఎంఎం. దానితో వచ్చిన 10 రౌండ్ల మ్యాగ్‌లు రెండు. బెల్టు లోపల ముందువైపు పెట్టుకునే హోల్‌స్టర్ (తుపాకి ఒర). ఆఫీసులోకి అనుమతి లేదు, కాబట్టి సాయంత్రాలు, వారాంతాలు, రాత్రి డ్రైవింగ్, అంతే.

మ్యాగ్‌లో 10, చాంబర్‌లో (కాల్చడానికి సిద్ధంగా రౌండు ఉండే గదిలో) 1, మొత్తం 11 చాలా? లేక 12 లేదా 15 రౌండ్ల మ్యాగ్ కొనాలా? స్పేర్ పెట్టుకుంటే ఒకటా, రెండా? షూటింగ్ రేంజ్‌లో ఒకాయన 5 రౌండ్ల రివాల్వర్ ఉంటే ఎక్కువంటాడు, పక్కనే ఇంకొకాయన రెండు స్పేర్లు లేకుండా గడప దాటొద్దంటాడు. ఇద్దరూ గట్టిగానే చెబుతారు, కారణం మాత్రం ఎవరూ చెప్పరు. అంకెలతో ఎవరైనా చెబితే బాగుంటుంది.

ఇంకో ప్రశ్న. సెలవుల్లో కార్లో న్యూజెర్సీ ఎడిసన్‌లోని చుట్టాలింటికి వెళ్తుంటాం. అక్కడి రూల్స్ వేరని విన్నా.

లెక్కల_మాస్టారు

5 చాలన్న ఆయన మాట గాల్లోంచి రాలేదండి. ఎన్‌ఆర్‌ఏ (అమెరికా తుపాకి యజమానుల సంఘం) పత్రికలో ‘ఆర్మ్‌డ్ సిటిజన్’ అని ఒక శీర్షిక ఉంది, ఆత్మరక్షణ కోసం తుపాకి వాడిన వార్తలు అందులో వేస్తారు. 1997 నుంచి 2001 వరకు అందులో వచ్చిన 482 ఘటనలను క్లాడ్ వెర్నర్ అనే శిక్షకుడు విడదీసి చూశారు. కాల్పులు జరిగినచోట సగటున 2.2 రౌండ్లు. మళ్లీ లోడ్ చేయాల్సి వచ్చింది 3 ఘటనల్లోనే. ఆ మూడిట్లో ఒకటి, తప్పించుకున్న సింహాన్ని .32 రివాల్వర్‌తో 13 సార్లు కాల్చి పడగొట్టిన ఉదంతం. ప్లేనోలో దాన్ని పక్కన పెట్టేయొచ్చు.

అయితే ఆ అంకెల్లో రెండు చిక్కులున్నాయి. ఒకటి, ఆ శీర్షికకి ఎక్కేవన్నీ బాధితుడు గెలిచిన కేసులే. రౌండ్లు అయిపోయి ఓడినవాడి కథ అక్కడ రాదు. రెండోది వెర్నర్ స్వయంగా గమనించిందే: రెండుకు మించి కాల్చినవాళ్లలో ఎక్కువమంది తుపాకి ఖాళీ అయ్యేదాకా కాల్చేశారు. అంటే మధ్యరకం లేదు. రెండు పేలగానే ఎదుటివాడు పరుగు అందుకోవడమో, లేకపోతే ఉన్నవన్నీ అయిపోవడమో. ఇలాంటి చోట 2.2 అన్న సగటు పట్టుకుని 5 చాలనుకోవడం పొరపాటు.

ఇప్పుడు గురి సంగతి. న్యూయార్క్ పోలీసుల కాల్పుల మీద ర్యాండ్ సంస్థ 2008లో ఇచ్చిన నివేదిక చూడండి. ఎదురుకాల్పుల్లో తగిలినవి సుమారు 18 శాతం, ఎదుటివాడు కాల్చనప్పుడు 30 శాతం. 18 శాతం లెక్కన 11 రౌండ్లలో తగిలేవి రెండు. 5 రౌండ్లలో సరాసరి ఒక్కటి కూడా లేదు. హ్యాండ్‌గన్ తూటా ఒక్కటి తగిలితే మనిషి ఆగిపోతాడన్న భరోసా లేదు, పైగా పార్కింగ్ లాట్‌లో వచ్చేవాడు ఒక్కడే రావాలని రూలేమీ లేదు.

దీన్నుంచి ‘అయితే 40 రౌండ్లు మోద్దాం’ అనుకునేవాళ్లుంటారు. అది తిరకాసు లెక్క. 11లో 2 తగిలితే మిగతా 9 ఎవరి గోడలోకి, ఎవరి కారులోకి పోయాయో ప్రతిదానికీ జవాబు చెప్పుకోవాల్సింది మీరే. తగిలే శాతం పెంచుకోవడం రౌండ్లు పెంచడం కన్నా చవక. 2022 జూలైలో ఇండియానాలోని గ్రీన్‌వుడ్ మాల్‌లో ఎలైజా డికెన్ అనే 22 ఏళ్ల కుర్రాడు జనం మీద కాల్పులు జరుపుతున్నవాడిపై సుమారు 40 గజాల దూరం నుంచి 10 కాల్చి 8 తగిలించాడు. ఒక్క మ్యాగ్‌లోనే పని అయిపోయింది.

నా తీర్పు: తుపాకిలో 10కి తగ్గొద్దు, 15 దాటాలని ఆరాటపడొద్దు. మీ 11 సరిపోతుంది.

హన్మకొండ_హ్యూస్టన్

మాస్టారు చెప్పింది కరెక్టే గని, స్పేర్ మ్యాగ్ ముచ్చట అక్కడ రాలేదు. అన్నా, స్పేర్ మ్యాగ్ రౌండ్లు తక్కువైతయని కాదు, ఉన్న మ్యాగ్ ఖరాబైతదని. సెమీ ఆటోమేటిక్ పిస్టల్ల అన్నిటికన్నా కమ్జోర్ పార్ట్ మ్యాగజైనే. పల్చటి రేకు, ఒక స్ప్రింగు, రౌండ్లను పైకి నెట్టే ఒక ప్లాస్టిక్ ఫాలోయర్, అడుగున జారే ప్లేటు. పైన రౌండును పట్టే పెదవులు జర వంకరైతే రౌండు తల పైకి లేస్తది, చాంబర్ల పోదు. కాంక్రీటు మీద పడితే అడుగు ప్లేటు ఊడి స్ప్రింగు బయటికొస్తది.

డబుల్ ఫీడ్ అయితే ఎట్ల ఉంటదో చూడు. చాంబర్ల ఒక రౌండో, బయటికి రాని ఖాళీ కేసో (కాల్చిన తూటా గుల్ల) ఉంటది. దాని వెనుకాల ఇంకోటి వచ్చి ఒత్తుతది. మ్యాగ్ అడుగున కొట్టి స్లైడ్ (తుపాకి మీద వెనుకకు జరిగే భాగం) గుంజితే పోదు, ఇంకింత బిగుస్తది. చేసేది ఇది: స్లైడ్ వెనుకకు గుంజి లాక్ చెయ్. మ్యాగ్ బటన్ ఒత్తి, మ్యాగ్‌ను చేత్తోని గట్టిగ పీకు, అది తనంతట తాను జారి పడదు. స్లైడ్ రెండు మూడు సార్లు గుంజి చాంబర్ ఖాళీ చెయ్. కొత్త మ్యాగ్ పెట్టు, మళ్ల ఒకసారి గుంజు. ఆ ‘కొత్త మ్యాగ్’ నీ దగ్గర లేదనుకో, పీకిన పాతదాన్ని చంకలనో చిటికెన వేలు కిందనో పట్టుకొని దాన్నే మళ్ల పెట్టాలె. గడబిడ చేసిందే అది అయితే మళ్ల అదే కథ. అందుకే ఒక స్పేర్. రెండోది నడుముకు బరువు, అంతే.

యాడ పెట్టుకోవాలె: కుడిచేతి వాటం అయితే ఎడమ దిక్కు బెల్టుకు పౌచ్‌ల, తూటా మొనలు ముందుకు, అంటే బకిల్ దిక్కు ఉండాలె. చెయ్యి వేస్తే చూపుడు వేలు మొదటి రౌండు మొన మీద ఆనాలె. జేబుల పెడుతా అంటే ఆ జేబుల ఇంకేం ఉండొద్దు. చిల్లర పైస ఒకటి పెదవుల నడుమ ఇరికితే మ్యాగ్ పోయినట్టే. జేబు దూది గుడ సన్నగ లోపలికి పోతది. నెలకోసారి అడుగు ప్లేటు తీసి పొడి గుడ్డతోని తుడువు. నూనె మాత్రం పెట్టకు. దుమ్ము పడ్తది, ప్రైమర్‌ల (తూటా అడుగున మందును అంటించే ముక్క) దిగితే రౌండు పేలక పోవచ్చు.

మ్యాగ్‌ల మీద పెయింట్ మార్కర్‌తోని 1, 2, 3 అని రాయి. రేంజ్‌ల ఏది సతాయించిందో అప్పుడే ఎర్కైతది. రెండుసార్లు సతాయించినదాన్ని రోజూ వెంట ఉంచుకోవద్దు, ప్రాక్టీసుకే పెట్టు. స్ప్రింగు నింపి ఉంచితే అలిసిపోతదని మ్యాగ్‌ను సగం ఖాళీ ఉంచేటోళ్లున్నరు. నింపి ఉంచుడుతోని పోయేది తక్కువ, నింపుడు కాల్చుడుతోనే స్ప్రింగు అరుగుతది.

మంగళగిరి_మౌనం

ఒక్క అభ్యంతరం. బెల్టు మీద జాగా అందరికీ ఒకటే ఉంటుంది. 9 ఎంఎం రౌండు ఒక్కోటి సుమారు 12 గ్రాములు, 15 రౌండ్లు నిండిన మ్యాగ్ పావు కిలో. ఆ పావు కిలో జాగాలో చిన్న టార్చి, టూర్నికే (రక్తం ఆపే కట్టు), పెప్పర్ స్ప్రే పెట్టుకుంటే అవి పనికొచ్చే సందర్భాలు చాలా ఎక్కువ. రోడ్డు ప్రమాదంలో రక్తం ఆపాల్సి రావడం, స్పేర్ మ్యాగ్ అందుకోవాల్సి రావడం, ఈ రెండిట్లో మీ జీవితంలో ఏది ముందొస్తుందో మీరే చెప్పండి. కుదిరితే రెండూ పెట్టుకోండి. కుదరకపోతే నా ఓటు టూర్నికేకి, కాకపోతే అది కట్టడం ముందే నేర్చుకోవాలి.

ఇంకోటి, బరువెక్కువైతే జనం చేసేది తుపాకిని ఇంట్లో వదిలేయడం. బెల్టు మాత్రం మామూలు ఫ్యాషన్ బెల్టు వద్దు. అది వంగిపోతే పిడి బయటికి తొంగి, చొక్కా మీద కనబడిపోతుంది.

జెర్సీ_సిటీ_గోదారి

ఎడిసన్ సంగతి నేను చెప్తాను. తుపాకి ఇంట్లోనే పెట్టి రండి. న్యూజెర్సీ మీ టెక్సస్ ఎల్‌టీసీని గుర్తించదు. 1986 నాటి ఫెడరల్ చట్టం ఇచ్చే దారి రక్షణ, చట్టబద్ధంగా పెట్టుకోగల ఒక చోటు నుంచి అలాంటి మరో చోటుకి రాష్ట్రం మీదుగా దాటిపోయేవాళ్లకే. అది కూడా రౌండ్లు తీసేసి, చేతికి అందకుండా డిక్కీలో ఉంచితేనే. చుట్టాలింట్లో వారం ఉండటం దాటిపోవడం కిందకి రాదు.

ఇక్కడ మ్యాగ్ పరిమితి 10. తుపాకి తేకపోయినా 15 రౌండ్ల మ్యాగ్ ఒకటి ఖాళీదే డోర్ పాకెట్‌లో మర్చిపోతే అదే విడిగా నేరం. మొనలో గుంట ఉండే హాలో పాయింట్ తూటాల మీద కూడా ఆంక్షలున్నాయి: ఇంట్లో ఉంచుకోవచ్చు, రేంజ్‌కి తీసుకెళ్లొచ్చు, ఒంటి మీద మోయడం వేరు కథ. కొలరాడోలో పరిమితి 15, కాలిఫోర్నియా, న్యూయార్క్‌లలో 10. వీటి మీద కోర్టు కేసులు నడుస్తూనే ఉంటాయి కాబట్టి బయల్దేరే వారం తాజా పరిస్థితి చూసుకోండి.

మీకు గ్రీన్ కార్డు ఉంది, సరే. ఈ థ్రెడ్ చదివే హెచ్1, ఎఫ్1 వాళ్లకి మాత్రం ఇది గట్టిగా చెప్పాలి. వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకే కాదు, తూటా కూడా దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. వేట లైసెన్సులాంటి కొద్ది మినహాయింపులున్నాయి, వాటి మీద ఆధారపడే ముందు లాయర్‌ని అడగండి. ఐ-485 (గ్రీన్ కార్డు దరఖాస్తు) పెండింగ్‌లో ఉన్నంత మాత్రాన హెచ్1 కాస్తా గ్రీన్ కార్డు అయిపోదు. బీ2 (విజిటర్ వీసా) మీద వచ్చిన అమ్మానాన్నలని రేంజ్‌కి తీసుకెళ్లి చేతికిచ్చి ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టే మహానుభావులు దీన్ని రెండుసార్లు చదవాలి. వాళ్లు ఇంట్లో ఉన్నన్నాళ్లూ తుపాకీ, రౌండ్లూ సేఫ్‌లో, తాళం మీ దగ్గరే.

ఇండియా ప్రయాణం కూడా ఇందులోదే. రేంజ్‌కి వాడే బ్యాగుని ఊరెళ్లే బ్యాగుగా ఎప్పుడూ వాడొద్దు. కుట్టు సందులో దాక్కున్న ఒక్క లైవ్ రౌండ్ శంషాబాద్ స్కానర్‌లో కనబడితే ఆయుధాల చట్టం కింద కేసు, ఫ్లైట్ పోయినట్టే. తెలిసి దగ్గర ఉంచుకుంటేనే నేరమని 1972లో గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ ఆధారంతో హైకోర్టులు ఇలాంటి కేసులు కొట్టేస్తుంటాయి కూడా. కానీ ఆ తీర్పు చేతికొచ్చేదాకా సెలవుల సంగతి, ఉద్యోగం సంగతి మీరే ఊహించుకోండి.

ప్లేనో_బాబాయ్

చాలా థ్యాంక్స్ అండి. ఎడిసన్‌కి తుపాకి తేను, తేలిపోయింది. అయితే తుపాకిలో 10, స్పేర్‌గా ఇంకో 10 అనుకుంటున్నా. 12 కొనడంలో అర్థముందా? రోజూ ఇంటికొచ్చాక చాంబర్ ఖాళీ చేసి, పొద్దున మళ్లీ ఎక్కించడం సరైన పద్ధతేనా?

లెక్కల_మాస్టారు

తుపాకిలో 10 ఉంచండి. మ్యాగ్ పొడవు పెరిగితే పిడి పెరిగి, వంగినప్పుడు చొక్కా మీద అచ్చు పడుతుంది. స్పేర్‌కి ఆ బాధ లేదు, అది నడుము పక్కన నిలువుగా ఉంటుంది. కాబట్టి కొంటే 12 రౌండ్లదే కొని స్పేర్‌గా పెట్టండి. తుపాకిలో అది కూడా సరిగ్గా పట్టి పనిచేస్తుంది. అప్పుడు మొత్తం 23.

రోజూ ఎక్కించి దించడం మానేయండి. ఒకే రౌండు పదే పదే చాంబర్‌లోకి దూసుకెళ్తే ఫీడ్ ర్యాంప్‌కి (రౌండును చాంబర్‌లోకి ఎక్కించే వాలుకి) కొట్టుకుని తూటా కేసులోకి కొద్దికొద్దిగా దిగిపోతుంది. లోపల జాగా తగ్గి, కాల్చినప్పుడు పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. అనుమానముంటే అదే పెట్టెలోని కొత్త రౌండు పక్కన నిలబెట్టి చూడండి, పొట్టిగా కనిపిస్తే అది కాల్చొద్దు, రేంజ్ వాళ్లకి పాడైన రౌండుగా అప్పగించండి. ఇంటికొచ్చాక హోల్‌స్టర్‌తో సహా తీసి, తుపాకిని అందులోంచి లాగకుండా అలాగే సేఫ్‌లో పెట్టేయడం మేలు. ట్రిగ్గర్ కప్పే ఉంటుంది, రౌండు కదలదు. తప్పనిసరిగా దించాల్సి వస్తే ఆ రౌండు అడుగున మార్కర్‌తో గీత పెట్టండి. రెండు గీతలు పడ్డాక దాన్ని చాంబర్‌లోకి పంపొద్దు.

కొనేటప్పుడు ఒక చిన్న తిరకాసు. ఆత్మరక్షణ తూటాలు ఎక్కువగా 20 రౌండ్ల పెట్టెల్లో వస్తాయి, మీకు కావాల్సింది 23. పోలీసు శాఖలకని అమ్మే 50 రౌండ్ల పెట్టెలు రౌండు లెక్కన చవక. స్పీర్ గోల్డ్ డాట్, ఫెడరల్ హెచ్‌ఎస్‌టీ బ్రాండ్లలో ఏదైనా ఒక్కటే ఎంచుకోండి, కలపొద్దు. 50వి రెండు పెట్టెలు తెచ్చి, ఒక పెట్టె మొత్తం మీ మ్యాగ్‌లలో వేసి కాల్చండి, ప్రతి మ్యాగ్ నిండుగా నింపి. అంతకుముందే మామూలు ప్రాక్టీసు రౌండ్లు 200 ఆగకుండా పోయి ఉండాలి. ఒక్కటి ఇరికినా కారణం తెలిసేదాకా ఆ మ్యాగ్ బెల్టు ఎక్కదు. వెంట ఉంచుకున్నవాటిని ఏడాదికోసారి రేంజ్‌లో కాల్చేసి కొత్తవి వేసుకోండి, చెమటకి ప్రైమర్ చుట్టూ పచ్చగా చిలుం పట్టినవైతే అంతకన్నా ముందే.

హన్మకొండ_హ్యూస్టన్

ఒకటి మర్చిపోయిన్రు మాస్టారు. 10 ఎక్కించి స్లైడ్ గుంజినంక మ్యాగ్ తీసి ఇంకోటి నింపి మళ్ల పెడ్తరు కదా, స్లైడ్ మూసి ఉన్నప్పుడు నిండిన మ్యాగ్ సక్కగ లోపలికి పోదు. పై రౌండు స్లైడ్ అడుగుకు ఒత్తుతది. అరచేత్తోని గట్టిగ కొట్టి, కిందికి ఒకసారి గుంజి చూడాలె. సగం పట్టిన మ్యాగ్ మొదటి రౌండు కాల్చంగనే జారి పడ్తది. కొత్త మ్యాగ్‌ల ఆఖరు రౌండు దూర్చుడే కష్టమైతే లోడర్ (మ్యాగ్‌ల రౌండ్లు నింపే చిన్న పనిముట్టు) వాడు, వేళ్లు పగలగొట్టుకోకు. రెండు మూడు రోజులు నింపి ఉంచితే స్ప్రింగు జర సర్దుకుంటది.