హోమర్ పావురాలకు మెడ తిరుగుతోంది: టీకా, శాంపిల్, అనుమతి గురించి చెప్పండి

పాతబస్తీలో మేడ మీద గూడు, 40 రేసింగ్ హోమర్లు (దూరంలో వదిలితే గూటికి తిరిగొచ్చే పందెం పావురాలు). ఈ ఏడాది పిల్లల్లో మూడింటికి మెడ మెలితిరిగింది. గింజ మీదికి పొడిస్తే ముక్కు అరంగుళం పక్కన పడుతోంది. రెట్టలో సన్నటి పచ్చ పోగు, చుట్టూ నీళ్లే. ముక్కు, కళ్లు శుభ్రంగానే ఉన్నాయి. లక్షణాలు పారామిక్సో అనే వైరస్ జబ్బువే. కానీ సాల్మొనెల్లా బ్యాక్టీరియా కూడా మెడ తిప్పుతుంది కాబట్టి పరీక్ష కాకుండా యాంటీబయాటిక్ వేయదలచుకోలేదు. వాటిని విడిగా పెట్టి, లోతు గిన్నెలో గింజ, నీళ్లలో ఓఆర్‌ఎస్ ఇస్తున్నాను.

శాంతినగర్ వీబీఆర్‌ఐలో (ప్రభుత్వ పశువైద్య పరిశోధన సంస్థ) పావురాల శాంపిల్ తీసుకుంటారా? రెట్ట చాలా, చనిపోయిన పిట్టే కావాలా?

బాగున్నవాటికి పావురాల టీకా దొరకడం లేదు. కోళ్లకు వేసే కిల్డ్ (చంపిన వైరస్) ఎన్‌డీ, అంటే కొక్కెర తెగులు టీకాను మెడ వెనక చర్మం కింద వేసినవాళ్లు ఎన్ని ఎంఎల్ వేశారు? లసోటా (బతికున్న వైరస్ టీకా) చుక్కలు ఒక్కటే సరిపోయాయా?

ఇంకొకటి. బర్డ్ ఫ్లూ తేలితే కిలోమీటరు వరకు ఇన్‌ఫెక్టెడ్ జోన్, అక్కణ్ణుంచి 10 కిలోమీటర్ల దాకా నిఘా జోన్ కదా. నిఘా జోన్‌లో ఉంటే పిట్టల్ని జడ్చర్ల తీసుకెళ్లి వదలడానికి ఎవరి అనుమతి కావాలి? జబ్బు తగ్గేదాకా పందేలకు అందరి పిట్టల్నీ కలిపి తీసుకెళ్లే ఉమ్మడి బుట్టల్లో ఒక్క పిట్టనూ పెట్టను, పక్క గూళ్లకు అంటుకునేది అక్కడే.