ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గురించి మీ ఇళ్లలో విన్నవి ఏమైనా ఉన్నాయా?

పెనుగంచిప్రోలు కుర్రాడు
మాది పెనుగంచిప్రోలు. ఊరి పేరు చెప్పగానే ఎవరైనా తిరుపతమ్మ తల్లి తిరునాళ్ల గురించే అడుగుతారు. చీరాల-పేరాల పన్నుల పోరాటం నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య 1889లో పుట్టింది కూడా మా ఊళ్లోనే అంటే మాత్రం కాసేపు ఆలోచించి "ఆంధ్రరత్న భవన్ ఆయనేనా?" అంటారు. విజయవాడలో కాంగ్రెస్ ఆఫీసుకి ఆ పేరుంది కాబట్టి బిరుదన్నా మిగిలింది, మనిషిని మర్చిపోయాం. పుస్తకాల్లో ఉండే నాలుగు ముక్కలు నేనూ చదివాను. చీరాల, బాపట్ల వైపు వాళ్లు ఇళ్లలో ఏం చెప్పుకుంటారో వినాలని ఉంది. పెద్దవాళ్ల దగ్గర విన్నవి రాయండి.

గ్రూప్2 గోవిందు
బ్రో, మాకు తెలిసినవన్నీ బిట్లే. 1921, చీరాల-పేరాల, రామదండు (ఆయన పెట్టిన వాలంటీర్ల దళం), రామ్‌నగర్, 11 నెలలు, నెక్స్ట్ టాపిక్. కానీ ఒక్క లెక్క మాత్రం బుర్రలో ఉండిపోయింది. చీరాల, పేరాల రెండు ఊళ్లూ కలిపి యూనియన్‌గా, అంటే మున్సిపాలిటీ కంటే చిన్న స్థానిక సంస్థగా ఉన్నప్పుడు ఏడాదికి పన్ను 4,000 రూపాయలు. మున్సిపాలిటీ చేశాక 40,000. కట్టాల్సింది ఎక్కువగా నేతపని, కూలిపని చేసుకునేవాళ్లు. మా అపార్ట్‌మెంట్‌లో మెయింటెనెన్స్ కొంచెం పెంచితేనే వాట్సాప్ గ్రూపులో కొట్టుకున్నంత పనయింది. అక్కడ పదింతలు పెంచితే జనం రాయి విసరకుండా ఎలా ఆగారో నాకైతే అర్థం కాదు.

పేరాల మగ్గం
మాది నేత కుటుంబం. నానమ్మకి వాళ్ల అత్తగారు చెప్పినవి, నానమ్మ మాకు చెప్పింది. ఆ గొడవ జరిగేనాటికి ఆ అత్తగారు కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల.

1921 ఏప్రిల్‌లో గాంధీగారు చీరాల వచ్చి రెండు దారులు చెప్పారు. పన్ను కట్టకుండా, ఎవరి మీదా చెయ్యెత్తకుండా వచ్చిన శిక్ష అనుభవించడం ఒకటి. మున్సిపాలిటీ హద్దు దాటి వెళ్లిపోవడం రెండోది. హద్దులో మనిషే లేకపోతే పన్ను ఎవరి మీద వేస్తారు? గోపాలకృష్ణయ్య రెండోదే పట్టుకున్నాడు. 15,000 చిల్లర జనంలో 13,000 మందికి పైగా ఊరు విడిచి హద్దు బయట తాటాకు పాకలు వేసుకున్నారు. అదే రామ్‌నగర్.

"ఊరు ఖాళీ చేశారు" అని పుస్తకాలు ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. గుంట మగ్గం ఉన్నవాడికి అది అంత తేలిక కాదండి. మగ్గాన్ని మంచంలా ఎత్తి బండి మీద వేసుకుని పోలేం. పడుగు మీద చీర సగంలో ఉంటే కోసేసి నష్టపోవాలి, లేదా అది దిగేదాకా కూర్చోవాలి. కొత్త చోట కాళ్లకి మళ్లీ గుంట తవ్వాలి. మా వైపు ఇసుక నేల, తవ్విన గోడ తవ్వినట్టే జారిపోతుంది. తాటిదుంగ ముక్కలు అడ్డం పెట్టి నిలబెట్టారట. వానలు మొదలయ్యాక గుంటలో నీళ్లు. పొద్దున లేచి చెంబుతో తోడి, గుంట ఆరేదాకా ఖాళీగా కూర్చునేవాళ్లట. మగ్గం ఆడకపోతే ఆ రోజు మజూరీ లేనట్టే.

ఆ అత్తగారు గోపాలకృష్ణయ్యని పేరు పెట్టి అనేది కాదు, "ఆ బాబు" అనేది. "ఆ బాబు మాటలకి కడుపుబ్బ నవ్వి, పాకకొచ్చి గంజి తాగి పడుకునేవాళ్లం" అనేదట. పొగిడిందో దెప్పిందో మా ఇంట్లో ఇప్పటికీ తేల్లేదు.

నిక్కచ్చి మనిషి
ఎవరూ అనడం లేదు కాబట్టి నేనంటాను. ఈ ఉద్యమం ఓడిపోయింది. ఆయన బరంపురంలో నిషేధాన్ని కాదని మాట్లాడబోతే అరెస్టు చేసి, ఏడాది శిక్ష వేసి తిరుచిరాపల్లి జైల్లో పెట్టారు. ఇక్కడ జనం దగ్గర డబ్బులైపోయాయి. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా తర్వాత గాంధీగారు దేశం మొత్తం మీద సహాయ నిరాకరణ ఆపేశారు. చివరికి చీరాల వాళ్లు వెనక్కొచ్చారు, మున్సిపాలిటీ అలాగే ఉంది. అంతా ఒక్క మనిషి మాట మీద నడిపితే ఆ మనిషి జైలుకెళ్లాక ఏమవుతుంది? పైగా మున్సిపాలిటీ రద్దు చేయడానికి ఒప్పుకోనిది తెల్లదొరలు ఒక్కరే కాదు. మద్రాసు ప్రభుత్వంలో మంత్రిగా స్థానిక స్వపరిపాలన శాఖ చూసిన పానగల్ రాజా తెలుగువాడే. ఈ సంగతి మన ఉపన్యాసాల్లో ఎవరూ ఎత్తరు.

పేరాల మగ్గం
ఓడిపోయిన మాట నిజమే సార్. మావాళ్లూ తిరిగొచ్చి పన్ను కట్టారు. కానీ ఒక్క మనిషి మాట మీదే నడిచిందంటే ఒప్పుకోను. ఊరు విడవక ముందే పన్ను కట్టనని జైలుకెళ్లినవాళ్లు ఉన్నారు, వాళ్లలో ఒక ఆడమనిషి కూడా ఉంది. రామ్‌నగర్‌లో తగవులొస్తే వాళ్లలో వాళ్లే కూర్చుని తీర్చుకున్నారు. పాకల్లో 11 నెలలు ఉపన్యాసం విని ఎవరూ ఉండరు.

ఎడిన్‌బరో చలి
నేను ఇక్కడే పీజీ చేస్తున్నాను. గోపాలకృష్ణయ్య ఎం.ఏ. చదివింది ఈ ఎడిన్‌బరో యూనివర్సిటీలోనే అని వచ్చాకే తెలిసింది. అంతకుముందు బాపట్లలో చిన్న గుమాస్తా ఉద్యోగం చేశాడు. నాకు నచ్చిన సంగతి ఇంకోటుంది. నాట్యం మీద నందికేశ్వరుడు రాసిన అభినయ దర్పణాన్ని కళా పండితుడు ఆనంద కుమారస్వామితో కలిసి ఇంగ్లీషు చేశాడు, 1917లో హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వేసింది. ముద్రలు, చూపులు, మెడ కదలికల మీద పనిచేసినవాడు నాలుగేళ్లకి పన్నుల పోరాటంలో ఉన్నాడు! రామదండుకి కాషాయం బట్టలు, రుద్రాక్షలు ఎందుకు పెట్టించాడో దీన్ని బట్టి నాకు కొంచెం అర్థమైంది. జనం కళ్లకి ఏం ఆనాలో తెలిసినవాడు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సభలకి విరగబడి వచ్చిన జనాన్ని అదుపులో పెట్టింది ఆ దండే.

వేటపాలెం పాఠకుడు
చీరాల వచ్చేవాళ్లు మా సారస్వత నికేతనం చూడకుండా పోవద్దు. 1918లో మొదలైన గ్రంథాలయం, గాంధీగారి చేతికర్ర ఇక్కడే దాచారు. అందరూ దాంతో ఫొటో దిగి వెళ్లిపోతారు. నేను మాత్రం పాత పత్రికల బైండ్లు చూడమంటాను. పేజీ తిప్పితే అంచులు పొడిలా రాలతాయి, జాగ్రత్తగా రెండు చేతులతో తిప్పాలి. గోపాలకృష్ణయ్య కూడా 'సాధన' అని పత్రిక నడిపాడు. 1928 జూన్‌లో క్షయతో పోయాడు, నలభై కూడా నిండలేదు. చివర్లో డబ్బుకి బాగా ఇబ్బంది పడ్డాడు. ఇప్పుడు ఆయన పేరుతో జరిగే సభల్లో శాలువాలకయ్యే ఖర్చు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పెనుగంచిప్రోలు కుర్రాడు
అందరికీ థాంక్స్. ఆ గుంటలో నీళ్ల సంగతి ఏ పుస్తకంలోనూ చూడలేదు. పేరాల మగ్గం గారూ, మీ నానమ్మగారు చెప్తుంటే ఫోన్లో రికార్డు చేయగలరా? వేటపాలెం మాస్టారూ, బయటివాళ్లకి ఆ బైండ్లు ఇస్తారా?

వేటపాలెం పాఠకుడు
ముందు ఫోన్ చేసి, ఏ ఏడాదివి కావాలో చెప్పి రండి. ఊరికే వచ్చి పాతవన్నీ చూపించమంటే కుదరదు.

పేరాల మగ్గం
నానమ్మకి ఫోన్ ఎదురుగా పెడితే నోరు పెగలదు. కండెలు చుట్టేటప్పుడు పక్కన కూర్చుంటే తనే చెప్తుంది. పండక్కి వెళ్తున్నా, ట్రై చేస్తా.