టర్కిష్ క్రియలు: నూరు బట్టీ పట్టాలా, పది లొంగదీసుకోవాలా?

తులసికోట: మా వారికి ఇస్తాంబుల్‌లో ఉద్యోగం వచ్చింది. వచ్చే నెలే ప్రయాణం. నాకు టర్కిష్ ఒక్క ముక్క రాదు. ముఖ్యమైన నూరు క్రియలంటూ ఒక జాబితా సంపాదించాను. రోజుకు నాలుగు చొప్పున కంఠస్థం చేస్తే సరిపోతుందా? వెళ్లివచ్చిన వాళ్లు చెప్పండి.

అంకారా_మామయ్య: చేయండమ్మా, నిరభ్యంతరంగా. అంకారాలో నాలుగేళ్లున్నాను. మాట తెలిస్తే చాలు, విభక్తులూ కాలాలూ తప్పినా పని జరుగుతుంది. గెల్మెక్ (రావడం), గిత్మెక్ (వెళ్లడం), వెర్మెక్ (ఇవ్వడం), అల్మక్ (తీసుకోవడం). చివరి మెక్, మక్ తీసేసి ‘ఇయోరుమ్’ తగిలించండి. గెలియోరుమ్, వస్తున్నాను. గితియోరుమ్, వెళ్తున్నాను. అయిపోయింది.

నీలిగవాక్షం: గితియోరుమ్ కాదు, గిదియోరుమ్. మొదటి పాఠంలోనే తప్పు నేర్పకండి మామయ్య గారూ.

తులసికోట గారూ, ఆ జాబితా పక్కన పెట్టండి. పది క్రియలు తీసుకుని వాటిని అన్ని రూపాల్లో తిప్పండి. మనకు అది కష్టం కాదు, ఎందుకంటే తెలుగు కూడా ధాతువు వెనుక తోకలు కట్టే భాషే. క్రియ మనకులాగే వాక్యం చివర వస్తుంది. ‘గిదిప్ గెల్దిమ్’ అంటే అచ్చంగా ‘వెళ్లి వచ్చాను’. గెల్దిమ్‌లోని ‘మ్’ మన వచ్చానులోని ‘ను’. సిగరెట్టును వాళ్లూ మనలాగే ‘తాగుతారు’: సిగరా ఇచ్‌మెక్. పిల్లల్ని వాళ్లూ ‘చూస్తారు’: బక్మక్. ఇంగ్లీషు పుస్తకం పేజీలకు పేజీలు వివరించేది మనకు ఒక్క మాటలో తెలిసిపోతుంది.

పూతరేకు: ఇస్తాంబుల్ వెళ్తే బక్లావా మిఠాయి మాత్రం వదలకండి.

అంకారా_మామయ్య: అమ్మా నీలిగవాక్షం, ‘త’ కాస్తా ‘ద’ అవుతుందంటున్నారు. మరి యత్మక్ (పడుకోవడం) యతియోరుమ్ ఎందుకైంది? సత్మక్ (అమ్మడం) సతియోరుమ్ ఎందుకైంది? అక్కడ ‘ద’ ఎక్కడికి పోయింది? కొత్తవాళ్లను ఇలాంటి చిక్కుల్లోకి దించవద్దనే నా గోల.

నీలిగవాక్షం: గిత్మెక్, ఎత్మెక్ (చేయడం), తత్మక్ (రుచి చూడడం) లాంటి కొన్నిటికే ‘ద’ వస్తుంది. వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

అంకారా_మామయ్య: సరే, గిత్మెక్ నుంచి గిదెర్ (వెళ్తాడు) వచ్చినప్పుడు గెల్మెక్ నుంచి గెలెర్ రావాలి కదా? గెలిర్ అంటారేం? అలా దారి తప్పే ఏకాక్షర క్రియలు 13 ఉన్నాయని నాకూ తెలుసు. తెలిసే వదిలేశాను.

గోల్కొండవాసి: ఉర్దూ వచ్చినవాళ్లకు సగం పని ముందే అయిపోయినట్టే. కితాప్, కలెమ్, దున్యా, సబున్, జెవాప్. విన్నవే కదా అన్నీ!

అంకారా_మామయ్య: అవన్నీ నామవాచకాలు బాబూ. ఇక్కడ మాట్లాడేది క్రియల గురించి.

నీలిగవాక్షం: గోల్కొండవాసి గారిని తీసిపారేయకండి. పక్కన ‘ఎత్మెక్’ పెడితే అలాంటి మాటలెన్నో క్రియలవుతాయి. కబుల్ ఎత్మెక్ అంటే ఒప్పుకోవడం, మన పెద్దలు కబూలు చేయడం అన్నట్టే. తెషెక్కుర్ ఎదెరిమ్ అంటే ‘కృతజ్ఞత చేస్తాను’. జాబితాలో అవి ముప్ఫై క్రియల్లా కనిపిస్తాయి. నిజానికి అక్కడున్న క్రియ ఒక్కటే.

తులసికోట: ఇంతకీ నేను ఈ రాత్రి ఏది చదవాలి?

అంకారా_మామయ్య: జాబితా. ఎందుకో చెబుతాను. నేను వెళ్లిన కొత్తలో ఒక తరగతిలో చేరాను. నెలంతా ఒక్క ‘గెల్’ను అటు తిప్పి ఇటు తిప్పి చెప్పించారు. వచ్చాను, వచ్చేవాణ్ణి, వస్తే, రాకపోతే. అప్పటికి మా పాపకు మూడేళ్లు. ఒక రాత్రి ఆగకుండా వాంతులు. అక్కడ రాత్రిళ్లు మందుల షాపులు వంతులవారీగా తెరిచి ఉంచుతారు. వెతుక్కుంటూ పరుగెత్తాను. వాంతి అనడానికి మాట లేదు నా దగ్గర. నోటి ముందు చెయ్యి ఆడించి, వంగి, గొంతుతో చప్పుడు చేసి చూపించాను. అతను గబగబా నాకు కుర్చీ వేసి, మంచినీళ్లు ఇచ్చి, కాళ్ల ముందు బకెట్ పెట్టాడు. కుస్మక్. ఒక్క మాటమ్మా! ఆ నెల రోజుల్లో ఒక్క నిమిషం దానికి కేటాయించి ఉంటే సరిపోయేది.

నీలిగవాక్షం: మీ బాధ అర్థమైంది. నాది కూడా వినండి. ఇజ్మీర్‌లో మా పై వాటాలో ఒక పెద్దావిడ ఉండేవారు. ఒక సాయంత్రం మెట్ల మీద ఆపి భోజనానికి పిలిచారు. నాకు రాత్రి డ్యూటీ. మీలాగే జాబితా బట్టీ పట్టినదాన్ని, అరకొర తెలిసి ‘గెల్మెమ్’ అన్నాను. చేతిలో పార్స్లీ కట్ట పట్టుకుని ఆవిడ అలాగే నిలబడిపోయారు. నేను అనవలసింది ‘గెలెమెమ్’. మొదటిది ‘రాను’, రెండోది ‘రాలేను’. మధ్యలో ఒక్క ‘ఎ’. పిలిచిన పెద్దల ముఖం మీద ‘రాను’ అంటే మన ఊళ్లో ఎలా ఉంటుందో అక్కడా అలాగే ఉంటుంది. ఆ తరువాత చాలా రోజులు నన్ను చూస్తే తల తిప్పుకునేవారు.

అంకారా_మామయ్య: ఇన్నేళ్లయినా పై వాటావాళ్లు ఏమనుకున్నారనే బెంగేనా మీకు? వాంతి ముఖ్యమా, పార్స్లీ కట్ట ముఖ్యమా?

నీలిగవాక్షం: నాలుగేళ్లు ఉండి పొరుగింటివారి పేరు కూడా తెలుసుకోని మనిషికి పార్స్లీ కట్టే కనిపిస్తుంది లెండి.

నిర్వాహకుడు: ఇద్దరూ కాస్త తగ్గండి. విషయం క్రియలు.

అంకారా_మామయ్య: తెలుసుకోదలచుకోలేదు. దిగిన రోజే తిరిగివచ్చే తేదీ గోడ మీద రాసుకున్నాను. ఆ భాష నాకు గొడుగులాంటిది. వాన వస్తే తెరిచాను, ఇల్లు చేరాక మూల పెట్టాను. దానితో నేనెందుకు కాపురం చేయాలి?

నీలిగవాక్షం: నేను చేస్తున్నాను కాబట్టి, మామయ్య గారూ. మా వారిది ఇజ్మీరే. నా గోడ మీద ఏ తేదీ లేదు. మా అత్తగారు నా గురించి ఫోనులో ఎవరితోనో ‘దున్ గెచ్ గెల్మిష్’ అన్నారు. ‘నిన్న ఆలస్యంగా వచ్చిందట’ అని. గెల్ది అంటే తానే చూసినట్టు, గెల్మిష్ అంటే ఎవరో చెబితే విన్నట్టు. ఆ ‘మిష్’ మన ‘అట’. అది పట్టుకున్నాను కాబట్టే ఇంట్లో నా మీద చాడీలు మోసే మనిషి ఉన్నారని తెలిసింది. మీ జాబితాలో అది ఎన్నో నంబరు?

గోల్కొండవాసి: చాడీలు చెప్పింది ఎవరో తేలిందా?

నీలిగవాక్షం: ఆడపడుచు.

అంకారా_మామయ్య: ముందే చెప్పి ఉంటే నేను ఇంత వాదించేవాణ్ణి కాదమ్మా. మీరు అడుగుతున్నది వేరు, నేను చెబుతున్నది వేరు. కానీ ఈ అమ్మాయి వెళ్లేది మీలాగా, నాలాగా?

తులసికోట: అదే నాకూ తెలియదు. ఒప్పందం రెండేళ్లు. మా వారు అప్పుడే పొడిగింపు మాట ఎత్తుతున్నారు, నేను ఇంకా సరే అనలేదు. అందుకే రాత్రి ఏమీ చదవబుద్ధి కాలేదు. కానీ పొద్దున అక్కడి ఇంటి యజమానురాలు ఫోను చేస్తే ధైర్యం చేసి ‘బెన్ గెలియోరుమ్’ అన్నాను. ఆమె పెద్దగా నవ్వి చాలాసేపు ఏదో మాట్లాడారు. ఒక్క ముక్క అర్థం కాలేదు.

నీలిగవాక్షం: భేష్! కానీ ‘బెన్’ అక్కర్లేదు. మనం మాత్రం ప్రతిసారీ ‘నేను వస్తున్నాను’ అంటామా? వస్తున్నాను అంటే చాలు.

అంకారా_మామయ్య: మొదటిసారి నోరు విప్పింది, అప్పుడే దిద్దాలా?