తెర మూలన పదేపదే వస్తున్న వైరస్ హెచ్చరికలను ఆపడం ఎలా?

ప్రశ్న (మల్కాజిగిరి నుంచి)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో విండోస్ 10 ఉన్న డెస్క్‌టాప్ ఉంది. కరెంటు బిల్లు కట్టడానికి, ఉదయం పేపరు చదవడానికి, మా అమ్మాయితో వీడియో కాల్ మాట్లాడడానికి తప్ప దానితో నాకు వేరే పని లేదు. పది రోజులుగా తెరకు కుడివైపు కింది మూలన "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి", "మీ రక్షణ గడువు ముగిసింది" అంటూ ఒకటి మూసేలోగా మరొకటి వస్తోంది. నిన్న మా ఆవిడ ప్రవచనం వింటున్న అరగంటలో ఆరుసార్లు టింగుమంది. వీటన్నిటినీ ఒకేసారి ఆపే మార్గం ఉంటే దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (కూకట్‌పల్లి నుంచి)

అయ్యా, ఆపడానికి ముందు ఆ హెచ్చరికను పంపుతున్నది ఎవరో చూడండి. ఈసారి అది వచ్చినప్పుడు దాని మీద నొక్కకుండా, అందులో చిన్న అక్షరాలతో ఉన్న పేరు చదవండి. విండోస్ సెక్యూరిటీ అని ఉంటే అది మీ కంప్యూటర్ స్వయంగా చెబుతున్న మాట. క్రోమ్ అనీ, ఏదో తెలియని సైటు చిరునామా అనీ ఉంటే మాత్రం అది హెచ్చరిక కాదు, హెచ్చరిక వేషం వేసుకున్న ప్రకటన. ఏదో ఒక సైటు తెరిచినప్పుడు "నోటిఫికేషన్లు పంపమంటారా" అని అడిగితే మనం తొందరలో "అలో" నొక్కి ఉంటాం. ఆ అనుమతిని పట్టుకునే అది రోజూ పలకరిస్తుంది.

క్రోమ్‌లో పైన కుడివైపున్న మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ వరుసగా తెరవండి. అనుమతి పొందిన సైట్ల జాబితాలో మీకు తెలియని ప్రతి పేరు పక్కనా "బ్లాక్" ఎంచుకోండి. "రిమూవ్" అంటే ఆ సైటు మళ్లీ అడగగలదు, "బ్లాక్" అంటే అడగలేదు.

జవాబు 2 (దిల్‌సుఖ్‌నగర్ నుంచి)

"గడువు ముగిసింది" అన్నది వేరే సంగతి కావచ్చు. నేను కొన్న కంప్యూటర్‌లో దుకాణదారు ఉచిత ట్రయల్ యాంటీవైరస్ ఒకటి వేసి ఇచ్చాడు. గడువు తీరాక అది డబ్బు కట్టమని పూటకోసారి గుర్తు చేసేది. దాన్ని పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేసి కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేశాను. వేరే యాంటీవైరస్ ఉన్నంతకాలం పక్కకు తప్పుకుని ఉండే విండోస్ డిఫెండర్ (విండోస్‌తోపాటే వచ్చే యాంటీవైరస్), అది పోగానే తనంతట తానే మళ్లీ పని మొదలుపెట్టింది. ఇంటి వాడకానికి అది చాలునని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు

మీరిద్దరూ చెప్పినవి రెండూ ఉన్నాయండీ! క్రోమ్ జాబితాలో నేనెప్పుడూ చూడని సైట్లు ఏడు కనిపించాయి. అన్నిటినీ బ్లాక్ చేశాను. ట్రయల్ యాంటీవైరస్‌నూ తీసేశాను. ఇప్పుడు విండోస్ సెక్యూరిటీ మాత్రం "స్కాన్ చేశాం, ఏమీ దొరకలేదు" అని అప్పుడప్పుడు చెబుతోంది. దాన్నీ ఆపేయవచ్చా?

జవాబు 3 (సికింద్రాబాద్ నుంచి)

ఆ ఒక్క సమాచారం వరకు ఆపుకోవచ్చు. విండోస్ సెక్యూరిటీ తెరిచి, కింద ఎడమవైపు ఉన్న సెట్టింగ్స్‌లో మేనేజ్ నోటిఫికేషన్స్‌కు వెళ్లి, "రీసెంట్ యాక్టివిటీ అండ్ స్కాన్ రిజల్ట్స్" అన్నదాన్ని ఆఫ్ చేయండి. విసుగెత్తి డిఫెండర్‌నే ఆపేసేవాళ్లను చూశాను, ఆ పని మాత్రం చేయకండి.

మీది విండోస్ 10 అన్నారు గనుక ఇంకొక మాట. దానికి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అప్‌డేట్స్ పేజీలో ఆ విషయం గురించి వచ్చే సందేశం నిజమైనదే. దాన్ని ఈ నకిలీల లెక్కలో వేయకండి. అలాగే, తెరంతా ఎర్రగా నిండి "ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని వస్తే ఫోన్ చేయకుండా, ఎస్కేప్ మీటను కొంచెంసేపు నొక్కి పట్టుకుని ఆ ట్యాబ్ మూసేయండి. ఎవరైనా ఇప్పటికే డబ్బు పోగొట్టుకుని ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.